మానవలెనను కోరిక

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు గ్రామములకు కల్లును బీడీయు క్రొత్తవి కావు. పట్టణము పెరిగి, కర్మాగారములు వచ్చి, చిన్నవయస్సుననే జీతము చేతికి వచ్చుచున్నందున సిగరెట్టును మద్యపు సీసాయు యువకులకు మరింత దగ్గరైనవి. ఇవి హానికరములని యెరుగనివాడు లేడు. సిగరెట్టు పెట్టెమీదనే ఆ సంగతి ముద్రింపబడియున్నది. అయినను పలువురు మానరు. హాని తెలిసినవానికి మానవలెనను కోరిక యెట్లు పుట్టును?

1983వ సంవత్సరమున అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞులగు ప్రొచాస్కా, డిక్లిమెంటె యనువారు, తమంత తామే పొగత్రాగుట మానుకొనువారిని పరిశీలించి, మార్పు ఒక్క గంతులో రాదనియు, దానికి మెట్లు గలవనియు తెలిపిరి. మొదట మనుజుడు మానుటను గూర్చి తలంపనే తలంపడు, పిమ్మట ఆలోచించును, తరువాత మానును, ఆపైన ఆ స్థితిని నిలుపుకొనును. నడుమ జారిపడుటయు గలదు. జారినవాడు మరల మెట్టెక్కవచ్చును. ఇంకను తలంపనివానిని తిట్టినచో చాటున త్రాగును. "నెలజీతములో దీనికెంత పోవుచున్నది? నీవు కోరిన బ్రతుకునకు ఇది తోడా, అడ్డా?" అని నెమ్మదిగా అడిగినచో కారణము వాని నోటనే వచ్చును. అట్టి కారణమే వానిని కదల్చును.

దీనికి నెల్లూరు జిల్లాలోని దూబగుంట నిదర్శనము. అక్షరాస్యతా తరగతులలో సారావలన చెడిన కుటుంబపు కథను చదివిన స్త్రీలు అది తమ కథయేయని గుర్తించిరి. 1992లో వారి ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను గాని 1997లో తొలగింపబడెను. శాసనము తోడుపడును, అది తొలగిన దినమున మనుజుని నిలుపునది వాని నిశ్చయమే.

"వయస్సు ముదిరిన పిమ్మట మానుదుము" అను యువకులు ఈ లెక్క చూడవలెను. 1951లో బ్రిటనున ఆరంభమై, 34,000 మందికి పైగా పురుష వైద్యులను 50 ఏండ్లు గమనించిన పరిశోధనలో, జీవితమంతయు సిగరెట్లు త్రాగినవారు త్రాగనివారికంటె సుమారు 10 ఏండ్లు ముందుగా మరణించిరి. 30వ యేట మానినవారు ఆ నష్టమును దాదాపు పూర్తిగా తప్పించుకొనిరి. 50వ యేట మానినవారికి సుమారు 6 ఏండ్లు, 60వ యేట మానినవారికి 3 ఏండ్లు దక్కెను. బీడీ తేలికయనుట భ్రమ.

మానగోరువారు ఒక దినము నిర్ణయించి ఇంటివారితో చెప్పవలెను. ఏ వేళ, ఏ చోట, ఎవరి సహవాసమున కోరిక కలుగునో వ్రాసికొని, ఆ వేళకు వేరొక పని ఏర్పరచుకొనవలెను. ప్రతిదినము అధికముగా మద్యము త్రాగువారు మాత్రము హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛ కలుగవచ్చును గనుక ముందుగా వైద్యుని చూడవలెను. పొగాకు మానగోరువారికి 1800-11-2356 అను ప్రభుత్వ టెలిఫోనున సలహా ఉచితముగా లభించును.

తల్లిదండ్రులారా, బీడీ తెమ్మని బిడ్డను అంగడికి పంపకుడు. 18 ఏండ్లలోపువారికి పొగాకు అమ్ముట 2003 నాటి చట్టముచే నిషిద్ధము. విద్యార్థులారా, మీ అన్నతో "మానుము" అనుటకు ముందు "నీకు మానవలెనని యెప్పుడైన తోచినదా? ఏల తోచినది?" అని అడుగుడు, ప్రత్యుత్తరము వచ్చువరకు ఓపికతో వినుడు.