టర్బో కారు పొగగొట్టము: ఇంటియొద్ద మార్చుకొను విధము

మోటారు కారునందు ఎల్లరి మన్ననకును పాత్రమగునది ఇంజను. చక్రములకును, దీపములకును, తుదకు ఆసనములమీది గుడ్డకును సయితము యజమానుడు కొంత శ్రద్ధ చూపును. పొగగొట్టమునో, అది పగిలి మ్రోగనారంభించిన దినమున గాని ఎవరును తలపరు. ఇంజను వాడి విడిచిన గాలిని వెనుకకు పంపు గొట్టమే గదా యని దానిని తేలికగా చూచుట లోకసామాన్యము. టర్బో గల కారు విషయమున ఈ తలంపు సరికాదు. ఆ గొట్టము మూడు పనులు చేయుచున్నది. ఇంజను బలమునకు తోడ్పడుచున్నది. కారులోనివారిని విషవాయువునుండి కాపాడుచున్నది. వీధిలోనివారిని పొగనుండియు మ్రోతనుండియు రక్షించుచున్నది. ఇంటియొద్ద దానిని మార్చదలచువారు ఈ మూటిలో నొక్కటియు చెడకుండ చూచుకొనవలెను. ఆ విధమునే మేమీ పాఠమున వివరింపదలచితిమి.

టర్బో యనగా నేమి?

ఒకే ఇరుసునకు రెండు కొనలయందు అమర్చిన రెండు రెక్కల చక్రములే టర్బో. ఇంజనునుండి వెలువడు వేడిగాలి మొదటి చక్రమును త్రిప్పును. దానితోబాటు రెండవ చక్రమును తిరిగి, బయటిగాలిని ఒత్తి ఇంజనులోనికి పంపును. లోనికి పోవు గాలి హెచ్చినకొలది ఇంధనమును గూడ హెచ్చుగా మండింపవచ్చును. కావున చిన్న ఇంజను పెద్ద ఇంజను పని చేయగలుగును. ఈ యుపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరగు ఆల్ఫ్రెడ్ బ్యూచి 1905 లో పేటెంటు పొందెను. 1962 లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వెయిర్ అను కార్లు టర్బోతో అమ్మకమునకు వచ్చెను. మన దేశమున 2017 లో వెలువడిన టాటా నెక్సాన్ పెట్రోలు ఇంజను 1.2 లీటర్లది, మూడు సిలిండర్లది. దానికిని టర్బో కలదు. ఈ చక్రములు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును. పెట్రోలు ఇంజనులలో వానిని తాకు గాలి వేడి 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకును, కొన్నిట అంతకు మించియు నుండును.

గొట్టముయొక్క భాగములు

ఇంజనునకు బిగించిన మానిఫోల్డు మొదటిది. దాని వెంట టర్బో, టర్బోనుండి క్రిందికి దిగు డౌన్‌పైపు, విషములను మార్చు క్యాటలిటిక్ కన్వర్టరు, ఇంజను అదురును ఓర్చుకొను మడతల గొట్టము, నడిమి గొట్టము, సైలెన్సరు, తుదకు తోకగొట్టము. కొన్ని కార్లలో కన్వర్టరు టర్బోను ఆనుకొనియే యుండును. ఈ దారిలో ఆక్సిజన్ సెన్సరులు అమర్చబడి, కారులోని కంప్యూటరునకు వార్త లంపుచుండును. కొత్త డీజిలు కార్లలో మసిని పట్టు వడపోత యొకటి యుండును. గొట్టమంతయు రబ్బరు కొక్కెములపై వ్రేలాడుచుండును.

టర్బోకు ముందు ఒత్తిడి హెచ్చుగను, వెనుక తక్కువగను ఉన్నప్పుడే దాని చక్రము చక్కగా తిరుగును. ముందు భాగము చీలినచో, చక్రమును త్రిప్పవలసిన గాలి వృథాగా పోవును. వెనుక గొట్టము నలిగినను, సైలెన్సరు లోపలి రేకులు ఊడి దారిని మూసినను, టర్బో మందగించును. సెన్సరునకు ముందు సందు పడినచో బయటిగాలి లోనికి చేరవచ్చును. అప్పుడు ప్రాణవాయువు హెచ్చుగా నున్నదని సెన్సరు తెలుపును. కంప్యూటరు నమ్మి అనవసరముగా పెట్రోలును హెచ్చించును. చిన్న సందు పెద్ద ఖర్చునకు దారితీయుట ఇట్లు.

చెడుటకు కారణములు

మొదటి శత్రువు తుప్పు. పెట్రోలు మండినప్పుడు నీరు పుట్టును. దూరము నడిచిన కారులో గొట్టము బాగుగా కాగి ఆ నీరు ఆవిరియై పోవును. దినదినము అంగడివరకు మాత్రమే పోయి వచ్చు కారులో అది సైలెన్సరునందే నిలిచి ఇనుమును తినును. సముద్రతీరపు ఉప్పుగాలి ఈ పనిని త్వరపెట్టును. రెండవది వేడి. ఒక మీటరు పొడవుగల ఉక్కు గొట్టము 500 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 6 మిల్లీమీటర్లు సాగును; చల్లారినప్పుడు మరల కుదియును. ప్రతి ప్రయాణమునందును ఇట్లు సాగి కుదియుటచే అతుకులును బోల్టులును సడలును. మూడవది గోతుల బాటలయందలి దెబ్బ.

సందు ఉన్నచోట నల్లని మసి చార కనబడును. చల్లని ఇంజనును ఆరుబయట నడిపినప్పుడు టకటకమను చప్పుడో, బుసమను చప్పుడో వినబడును. కాగిన తరువాత ఇనుము సాగి సందు మూసికొనవచ్చును గనుక చల్లగా నున్నప్పుడే పరీక్షింపవలెను.

ఏది ఇంట చేయదగును?

మడతల గొట్టమునకు వెనుకనున్న నడిమి గొట్టము, సైలెన్సరు, తోకగొట్టము, రబ్బరులు, క్లాంపులు, వీని నడుమ ప్యాకింగులు: వీనిని ఓర్పుగలవాడు ఇంటియొద్ద మార్చుకొనవచ్చును. మానిఫోల్డును, టర్బోను విప్పు పని మేస్త్రీకి విడిచిపెట్టుటయే మేలని మా సలహా. టర్బోకు ఇంజను నూనె గొట్టములును, పెక్కు కార్లలో నీటి గొట్టములును కలిసియుండును. వేడికి పెళుసైన స్టడ్డు విరిగి లోపలనే నిలిచినచో దానిని తీయుటకు తగిన పనిముట్లు ఇంట నుండవు. విద్యార్థులు ఈ పనికి ఒంటరిగా పూనుకొనరాదు. పెద్ద లొకరు చెంత నుండవలెను.

పనికి ముందు

కారు పూర్తిగా చల్లారవలెను. ఇందులకు కొన్ని గంటలు పట్టును. సమతలమైన గట్టి నేలపై నిలిపి, హాండుబ్రేకు లాగి, నేలపైనున్న చక్రములకు ముందు వెనుకల చెక్కలు అడ్డుపెట్టవలెను. కారు పుస్తకములో చూపినచోటనే జాకీ పెట్టి యెత్తి, వెంటనే ఇనుప స్టాండులు అమర్చవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. ఇటుకలను, రాళ్లను పేర్చి వానిపై కారు నిలుపు అలవాటు కొన్నిచోట్ల నున్నది. ఇటుక ముందుగా చెప్పి పగులదు. స్టాండులపై నిలిపిన పిమ్మట కారును చేతితో అటునిటు నెట్టి, కదలదని తెలిసినమీదటనే క్రిందికి దూరవలెను. పైనుండి తుప్పు రాలును గనుక కండ్లకు అద్దములు తప్పనిసరి.

విప్పుట

నట్లపై తుప్పు వదల్చు నూనెను ముందునాటి రాత్రియే పోసియుంచవలెను. ఉదయమున ఇనుప బ్రష్షుతో మరలను శుభ్రపరచి, సరిపోవు పానా తగిలింపవలెను. మొండికెత్తిన నట్టును ఒకేమారు బలముతో త్రిప్పరాదు. కొంచెము బిగించి, కొంచెము వదలి, మరల నూనె పోసి, క్రమముగా కదలింపవలెను. పెట్రోలు గొట్టము సమీపమున నున్నచో మంటతో కాల్చుట ప్రాణాపాయము. ఇంటియొద్ద ఆ పని తలపెట్టనే రాదు. రబ్బరు కొక్కెములకు సబ్బునీరు పూసినచో తేలికగా జారును. గొట్టము హఠాత్తుగా పడకుండ క్రింద ఆధార ముంచవలెను. మడతల గొట్టమును వ్రేలాడనీయరాదు, మెలిత్రిప్పరాదు. తీసిన భాగములను నేలపై అదే వరుసను పెట్టుకొన్నచో తిరిగి కూర్చునప్పుడు తికమక యుండదు.

బిగించుట

పాత ప్యాకింగును మరల వాడరాదు. అది ఒకమారు నలిగి తన సందునకు సరిపడినది. వేరొక ముఖమునకు సరిపడదు. కొత్తదానిని పెట్టుటకు ముందు ఇరుముఖములను గీకి శుభ్రపరుపవలెను. సెన్సరునకు ముందున్న అతుకులకు సిలికాను జిగురు పూయరాదు. దాని ఆవిరి సెన్సరును పాడుచేయును.

మొదట అన్ని నట్లను వ్రేళ్లతో వదులుగా ఎక్కించి, రబ్బరులు తగిలించి, గొట్టము నిలువును చక్కదిద్దవలెను. బ్రేకు గొట్టమునకు, పెట్రోలు గొట్టమునకు, విద్యుత్తు తీగలకు తగినంత ఎడముండవలెను. వేడికి గొట్టము సాగునన్నమాట మరవరాదు. తరువాతనే ముందునుండి వెనుకకు వరుసగా బిగింపవలెను. ఒక అతుకునందు రెండు మూడు నట్లున్నచో ఒకదానిని పూర్తిగా బిగించి రెండవదానికి పోరాదు. మార్చి మార్చి కొంచెము కొంచెముగా బిగించినచో ముఖములు సమముగా కూడును. ఎంత బిగింపవలెనో కారు పుస్తకమందు వ్రాసియుండును.

పరీక్ష

ఇంజనును ఆరుబయటనే నడుపవలెను, తలుపు మూసిన షెడ్డులో ఎన్నడును నడుపరాదు. ఏలయన ఈ పొగలో కార్బన్ మోనాక్సైడు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిను ప్రాణవాయువుతో కంటె దీనితో 200 రెట్లకు పైగా గట్టిగా కూడును. తొలుత తలనొప్పి, వికారము, మగత కలుగును. నిద్రించువాడు మేల్కొనకయే మరణింపవచ్చును. కారు అడుగుభాగమున మిగిలిన చిన్న సందు, వెనుక సీటులో నిద్రించు పసివానికి ఈ గాలినే అందింపవచ్చును. కావున ప్రతి అతుకును చెవితో విని, మసి చార కొరకు చూచి, సందేహము తీరినపిమ్మటనే కారును బాటపైకి తీసికొనిపోవలెను. మొదటి ప్రయాణము ముగిసి చల్లారిన తరువాత నట్లను మరల తడవి చూడవలెను.

ఒక హెచ్చరిక

కన్వర్టరును తీసివైచి వట్టిగొట్టము పెట్టినచో బలము హెచ్చునని కొందరు బోధింతురు. దానిలోని తేనెపట్టువంటి దిమ్మపై ప్లాటినము, పల్లాడియము, రోడియము మొదలగు లోహముల పూత యుండును. కార్బన్ మోనాక్సైడును, మండక మిగిలిన పెట్రోలును, నైట్రోజన్ ఆక్సైడులను అది అపాయము తక్కువైన వాయువులుగా మార్చును. 1995 లో నాలుగు మహానగరములందు కొత్త పెట్రోలు కార్లకు ఇది విధింపబడెను. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట కొత్త వాహనములకు బి.ఎస్. 6 ప్రమాణములు అమలునకు వచ్చెను. కేంద్ర మోటారు వాహనముల నియమములు, 1989, ప్రతి మోటారు వాహనమునకు సైలెన్సరు ఉండవలెనని శాసించుచున్నవి. చట్టము సంగతి యట్లుండగా, మన కారు వేగమునకై పొరుగువాని బిడ్డ ఊపిరిని చెరచుట న్యాయము గాదు. కొనునప్పుడు ఆ కారునకే తగిన సైలెన్సరును కొని, కన్వర్టరును దాని చోటనే యుండనీయవలెను.

చేతిపని నేర్చుట చదువులో నొక భాగమే. మేస్త్రీకి ఇచ్చు కూలి మిగులుట చిన్న లాభము. ఏ భాగము ఏల యున్నదో తెలిసికొని, దానిని మరల సరిగా నిలుపగలుగుట పెద్ద లాభము. ఎవరును చూడని కారు అడుగున బిగించిన నట్టుపై, ఆ కారులో కూర్చుండువారి ప్రాణములు ఆధారపడియున్నవి.