ఏడడుగులు – నాలుగు ప్రదక్షిణములు

ఓరుగంటి ఇండ్లలో పెండ్లి ముహూర్తములు వచ్చినప్పుడెల్ల సప్తపది మంత్రము వినబడును. అర్థము విచారించువారు అరుదు. అన్నము, బలము, వ్రతము, సుఖము మొదలగు వానిని కోరి అడుగులు వేసిన వధువు ఏడవ అడుగుతో వరునకు సఖి యగును. దాసి కాదు, సఖి!

సిక్కు సోదరుల వివాహమునకు 'ఆనంద్ కారజ్' అని పేరు. సుమారు 1832లో నిజాము కొలువునకై పంజాబునుండి వచ్చిన సిక్కుల సంతతివారు హైదరాబాదున నేటికిని గలరు. వారి పెండ్లిలో వధూవరులు గురుగ్రంథసాహెబునకు నాలుగు ప్రదక్షిణములు చేయుదురు. అప్పుడు పఠించు నాలుగు 'లావా'లను నాలుగవ గురువగు రామదాసుగారు (1534–1581) రచించిరి. మొదటిది ధర్మాచరణమును, రెండవది గురుసమాగమముచే కలుగు భయనివృత్తిని, మూడవది వైరాగ్యమును, సత్సంగమును, నాలుగవది సహజస్థితియందలి భగవత్సంయోగమును తెలుపును.

వీనిలో జీవుడే వధువు, పరమాత్మయే వరుడు. ఇట్లు చూచినచో ఇంటిలో ఆలుమగ లిరువురును వధుస్థానమున నిలిచినవారే. ప్రభువు ఈశ్వరు డొక్కడే. ఇక పెత్తనమునకై కలహ మెక్కడిది?

సప్తపదికి అర్థము పాఠశాలలో విద్యార్థులకు చెప్పి, ఇంటికి వచ్చి సహధర్మచారిణి మాటను చెవి నిడని దినములు నాకును గలవు. ఆమె మౌనమే నాకు భాష్యము చెప్పినది. మంత్రము నోట నుండిన చాలదు, నడవడియందు నిలువవలెను.

కావున గృహస్థులారా! దినమున కొక గడియ దంపతులు కలిసి దైవసన్నిధిని కూర్చుండుడు. కోపము వచ్చిన దినమున ఆ గడియను అసలే విడువకుడు. ఆ నాడే దాని అవసర మెక్కువ.

శుభం భూయాత్.