ఆర్థిక అసమానతల కొలమానాలు: గినీ గుణకం

ఆదాయ పంపిణీని చూపే లారెంజ్ వక్రరేఖను 1905లో అమెరికా ఆర్థికవేత్త మాక్స్ లారెంజ్, దానితో ముడిపడిన అసమానత కొలమానమైన గినీ గుణకాన్ని 1912లో ఇటలీ గణాంకవేత్త కొరాడో గినీ ప్రతిపాదించారు. గుణకం విలువ 0 అయితే సంపూర్ణ సమానత్వం. 1కి చేరువయ్యేకొద్దీ అసమానత ఎక్కువ.

ముఖ్య ధర్మాలు:

• అనామకత్వం: ఏ ఆదాయం ఎవరిదన్నది లెక్కలోకి రాదు.
• స్కేలు ధర్మం: అందరి ఆదాయాలూ రెట్టింపైనా విలువ మారదు.
• జనాభా సూత్రం: అదే పంపిణీతో జనాభా రెట్టింపైనా విలువ మారదు.
• పిగూ-డాల్టన్ బదిలీ సూత్రం: స్థానాలు తారుమారు కాకుండా ధనికుల నుంచి పేదలకు ఆదాయం బదిలీ అయితే విలువ తగ్గుతుంది.

ఉదాహరణ: ఇద్దరి ఆదాయాలు రూ.100, రూ.300 అయితే గినీ 0.25. రెండో వ్యక్తి నుంచి మొదటి వ్యక్తికి రూ.50 బదిలీ చేస్తే 0.125.

గమనిక: హెన్రీ థీల్ 1967లో ప్రతిపాదించిన మరో అసమానత కొలమానమైన థీల్ సూచీని సమూహాల లోపలి, సమూహాల మధ్య అసమానతలుగా పూర్తిగా విడదీయవచ్చు. గినీ గుణకానికి సాధారణంగా ఈ వీలు లేదు.