వాయుదూత్ నేర్పిన పాఠాలు

విమానాశ్రయాల్లో కొలువు చేసి రిటైరైనవాణ్ని. వాయుదూత్ విమాన సంస్థ పుట్టుకా చూశాను, పోవడమూ చూశాను. ఈ రంగంలోకి వస్తున్న పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. అవసరంలోంచి పుట్టిన పనికి ఆదరణ వెతుక్కోనక్కర్లేదు.

1981 జనవరి 26న ఈశాన్య రాష్ట్రాల కోసం వాయుదూత్ మొదలైంది. ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టిన సంస్థ అది. కొండలూ వరదలూ దారి మూసే ఆ ప్రాంతంలో రోజంతా పట్టే ప్రయాణం గంటలో తేలిపోయేది. దాని విలువ అక్కడివాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

2. అడిగినవారందరికీ సరేనంటే అసలు అక్కర ఉన్నవాడికి మిగలదు.

తన ఊళ్లో విమానం దిగాలని ప్రతి ఎంపీకీ ఉంటుంది. ఆ ఆశను తప్పుపట్టను. కానీ 1980ల చివరికి వాయుదూత్ సుమారు వంద ఊళ్లకు పాకింది. మన రాజమండ్రికీ, బెజవాడకీ వచ్చింది. అది నడిపిన, కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేసిన డోర్నియర్ విమానంలో సీట్లు 19కి మించవు. సీట్లు తక్కువని పైలట్లను తగ్గించలేం. ఊరూరా మెకానిక్కూ, ఫైరింజనూ, వాతావరణ సమాచారమూ ఉండి తీరాలి. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగే బెజవాడ మనిషినీ, వేరే దారిలేని అరుణాచల్ మనిషినీ ఒకే గాటన కట్టారు. పెద్ద పొరపాటు అదే. ఎక్కడ నష్టాన్ని భరించాలో, ఎక్కడ అక్కర్లేదో తేల్చి చెప్పవలసింది పైవాళ్లు. ఎవరూ గట్టిగా చెప్పలేదన్న బాధ నాకింకా ఉంది.

3. వాతావరణం ముందు మొండితనం పనికిరాదు.

1988 అక్టోబర్ 19న గౌహతి దగ్గర చెడు వాతావరణంలో వాయుదూత్ ఫోకర్ విమానం కూలి 34 మంది పోయారు. అహ్మదాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలిందీ అదే రోజు. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి.

4. మూతపడేది సంస్థ, వెనకబడేది ఊరు.

1993లో వాయుదూత్‌ను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపారు. 1997కల్లా పేరు కూడా మిగల్లేదు. ఉద్యోగులను వేరేచోట సర్దారు. ఊళ్లను సర్దే చోటేదీ? 2017 ఏప్రిల్‌లో, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద కడప–హైదరాబాద్ సర్వీసు మొదలైతే మనసారా సంతోషించాను. నష్టభర్తీ మూడేళ్లేనని ఈసారి ముందే రాసిపెట్టారు, అది మంచిదే. అయితే నాలుగో ఏడు ఏ ఊరు తన విమానాన్ని తాను నిలుపుకోగలదో టెండరు రోజునే తేల్చుకోవాలి. ఆ కడప సర్వీసు నడిపిన ట్రూజెట్ సంస్థ కూడా 2022లో ఆగిపోయింది.