నల్లరేగడి నేలపై కళాశాల: నీటి లెక్క

మన పిల్లలు ఉన్నత విద్యకై చేరు కళాశాలలలో పర్యావరణ పరిరక్షణమను మాట నేడు తఱచుగా వినబడుచున్నది. 1991లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించిన పిమ్మట అది క్రమముగా పాఠ్యాంశమైనది. కళాశాలల యోగ్యతను నిర్ణయించు మదింపులలో వాననీటి సంరక్షణము, చెత్త నిర్వహణము, సౌరశక్తి వినియోగము స్థానము పొందినవి. అయినను, ప్రతిజ్ఞ వేఱు, ఆచరణము వేఱు. మన ప్రాంతమున ఆచరణమునకు కొలబద్ద నీరే.

విరుదునగరమున 1947లో సెంథికుమార నాడార్ కళాశాల, 1962లో వన్నియపెరుమాళ్ మహిళా కళాశాల, కోవిల్పట్టిలో 1966లో జి. వెంకటస్వామి నాయుడు కళాశాల వెలసినవి. ఈ పట్టణముల చుట్టునున్నది చాలవఱకు వానపై ఆధారపడిన నల్లరేగడి మెట్ట. ఆశ్వయుజ కార్తికములలో వచ్చు ఈశాన్య ఋతుపవనమే మనకు ప్రాణాధారము. ఇడైసెవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ గారు, తెలుగు సీమనుండి వలసవచ్చి ఈ నేలను సాగుచేసిన మనవారి కథను 1976లో 'గోపల్ల గ్రామము' అను తమిళ నవలగా వెలువరించిరి. అట్టి మెట్ట సీమలో ఊరికొక ఊరణి ఉండుట అలంకారమునకు కాదు. విరుదునగరపు అంగళ్ల నడుమనున్న తెప్పకులము నేటికిని ఆ సంగతిని చాటుచున్నది.

నల్లరేగడి గుణమును ముందుగా గ్రహింపవలెను. ఎండకు అది నెఱ్ఱెలు విచ్చును. తడిసినపుడు ఉబ్బి ఆ నెఱ్ఱెలను మూసివేయును. అటుపిమ్మట నీరు మెల్లగా తప్ప లోనికి దిగదు. కావున ఆవరణమున లోతులేని ఇంకుడు గుంత త్రవ్వి, పలక వ్రాసి పెట్టిన మాత్రమున ప్రయోజనము లేదు. గుంత రేగడి పొరను దాటి క్రిందనున్న గరుసును అందుకొనవలెను, లేదా కప్పు నీటిని తొట్టిలో నిలువచేయవలెను.

ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. వేయి చదరపు మీటర్ల కప్పుపై ఏటికి 600 మిల్లీమీటర్లు కురిసిన, 6 లక్షల లీటర్లు. అందు అయిదవ వంతు వృథాయైనను 4 లక్షల 80 వేల లీటర్లు మిగులును. వేయిమంది విద్యార్థులు దినమునకు రెండు లీటర్ల చొప్పున త్రాగిన, 240 దినములకు చాలును. అనగా దాదాపు విద్యాసంవత్సరమంతయు. అయితే వాన కొలది నెలలలోనే కురియును గనుక, దానికి తగిన తొట్టి కావలెను. 2003లోనే తమిళనాట ప్రతి భవనమునకు వాననీటి సేకరణము తప్పనిసరియైనది; ఏటేటా కప్పును, గొట్టములను శుభ్రపఱచనిచో ఆ ఏర్పాటు ఉండియు లేనట్లే.

చెట్ల విషయమునను ఇదే న్యాయము. నిత్యము నీరు కోరు పచ్చిక కంటె వేప, చింత, తాటి మన నేలకు తగినవి. సర్కారు తుమ్మను తొలగించినచోట వెంటనే మంచి మొక్క నాటనిచో అది మరల మొలచును. 2019 జనవరి 1 నుండి ఒక్కసారి వాడి పాఱవేయు పలు ప్లాస్టికు వస్తువులు మన రాష్ట్రమున నిషిద్ధములు. ఆ నిషేధము ఫలహారశాలలో అమలగుచున్నదో లేదో కంటితో చూచి తెలిసికొనవచ్చును.

తల్లిదండ్రులారా! నీరులేని మరుగుదొడ్డికి జంకి, దినమంతయు నీరు త్రాగక గడపు ఆడపిల్లలు కలరు. కావున ఈ చర్చ కేవలము చెట్లను గూర్చినది కాదు, మన బిడ్డల ఆరోగ్యమును గూర్చినది. కళాశాలలో చేర్చునపుడు రుసుముతోపాటు మూడు సంగతులు అడుగుడు: కప్పు నీరు ఎచటికి పోవుచున్నది? వేసవిలో ఎన్ని లారీల నీరు కొనుచున్నారు? నిరుడు నాటిన మొక్కలలో ఎన్ని బ్రదికినవి? ఈ మూటికి అంకెలతో బదులు చెప్పగల కళాశాల తన ప్రతిజ్ఞను నిలుపుకొన్నదని నమ్మవచ్చును. మన పాఠశాలను, మన ఇంటిని గూర్చియు ఇవే ప్రశ్నలు వేసికొనుట న్యాయము.