అసమీకరణాలు – ఆరెకరాల లెక్క

ఎక్స్ + వై = 6 అనగానే నిరూపక తలం మీద ఒక సరళరేఖ గీసేస్తాం. '=' తీసేసి '≤' పెడితే మాత్రం చాలామంది రేఖ గీసి, ఏ వైపు షేడ్ చెయ్యాలో తెలియక పక్కవాడి కాగితం వంక చూస్తారు. నిజానికి నిత్యజీవితంలో సమీకరణాల కంటె అసమీకరణాలే ఎక్కువ. రైతుకు ఆరెకరాలున్నాయంటే అంతకు మించి వెయ్యలేడని అర్థం గాని, అంతా వేసి తీరాలని కాదు కదా!

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. బావి కింద 6 ఎకరాలున్న రైతు ఎక్స్ ఎకరాల్లో వరి, వై ఎకరాల్లో వేరుశనగ వేస్తాడు. రెండూ సున్న కంటె తక్కువ కాలేవు గనుక బొమ్మ మొదటి పాదంలోనే ఉంటుంది.

పొలం హద్దు: ఎక్స్ + వై ≤ 6.

ఎకరం వరికి 3 వంతుల నీరు, వేరుశనగకు 1 వంతు కావాలి. బావిలో ఉన్నది 12 వంతులు: 3ఎక్స్ + వై ≤ 12.

ఇంటికి గింజలు, పశువులకు గడ్డి చాలాలంటే వేరుశనగ వరికి రెట్టింపు దాటరాదు: వై ≤ 2ఎక్స్.

ముందుగా గుర్తును '=' గా మార్చి రేఖ గీయాలి. ≤, ≥ అయితే నిండు గీత. <, > అయితే చుక్కల గీత. రేఖ తలాన్ని రెండు అర్ధతలాలుగా చీలుస్తుంది. మనకు కావలసిన వైపు తేల్చడానికి రేఖ మీద లేని ఒక్క బిందువు చాలు. మొదటి రెండింటిలో మూలబిందువు (0, 0) పెడితే 0 ≤ 6, 0 ≤ 12 నిజమే. కనుక మూలబిందువున్న వైపే షేడ్ చెయ్యాలి. మూడో రేఖ మూలబిందువు గుండానే పోతుంది. అక్కడ (1, 0) పెట్టండి. 0 ≤ 2 నిజం, ఆ వైపే మనది. '≤ అంటే రేఖకు కింద' అని బట్టీ పట్టకండి. ఎక్స్ − వై ≤ 0 కు పైభాగం వస్తుంది.

అన్ని షేడ్లూ కలిసిన చోటు అనుకూల ప్రాంతం. దాని శీర్షాలు (0, 0), (4, 0), (3, 3), (2, 4). ఎకరానికి లాభం వరికి 5 వేలు, వేరుశనగకు 3 వేలు అనుకుంటే మొత్తం 5ఎక్స్ + 3వై. దీని సమలాభ రేఖలన్నీ సమాంతరాలు. ఆ రేఖను బయటికి జరుపుతూ పోతే చివరగా తాకేది ఒక శీర్షాన్నే. విలువలు వరసగా 0, 20, 24, 22 వేలు. కాబట్టి మూడెకరాలు వరి, మూడెకరాలు వేరుశనగ.

ఇక్కడితో ఆపితే ఇది పరీక్ష లెక్కే. బావి నీరు 9 వంతులకు పడిపోయిందనుకోండి. నీటి రేఖ సమాంతరంగా లోపలికి జరుగుతుంది. గరిష్ఠ లాభం (1.8, 3.6) వద్ద, 19.8 వేలు. సాగయ్యేది 5.4 ఎకరాలే, 60 సెంట్లు బీడు! పొలం రేఖ అనుకూల ప్రాంతాన్ని ఎక్కడా తాకదు. ఆ ఏడు ఇంకో రెండెకరాలు కౌలుకు తీసుకున్నా రూపాయి పెరగదు, కౌలు మాత్రం కట్టాలి. డబ్బు పెట్టవలసింది నీటి మీద. ఏ హద్దు మనల్ని పట్టి ఉంచిందో బొమ్మే చెబుతుంది.

ఇలాంటి లెక్కలకు రష్యాలో కాంటొరోవిచ్ 1939లో దారి చూపారు. అమెరికాలో డాంట్జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టారు. చలరాసులు వందలున్నా అందులో చేసేది శీర్షం నుంచి శీర్షానికి నడవడమే.

నీరు 12 నుంచి తగ్గుతూ పోతే ఎన్ని వంతుల దగ్గర పొలం బీడు పడడం మొదలవుతుందో గ్రాఫు కాగితం మీద మీరే గీసి చూడండి. మూడు రేఖలూ ఒకే బిందువులో కలిసే చోటు వెతికితే చాలు.