తోట కాపలా కుక్క – మనం తెలుసుకోవలసిన విషయాలు

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకప్పుడు ద్రాక్షతోటలు ఎక్కువ. ఇప్పుడు ఫామ్‌హౌస్‌లు ఎక్కువ. వాటిలో కొన్నింటికి మాస్టిఫ్ జాతి పెద్ద కుక్కలే కాపలా. యజమానులు ఆదివారం వచ్చి పోతారు. మిగిలిన ఆరు రోజులు ఆ కుక్కతో ఉండేది వాచ్‌మన్ కుటుంబమే. మా హాస్టల్లో అలాంటి ఇళ్ళ పిల్లలం చాలామందిమి ఉన్నాము. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాము.

ఈ జాతుల్లో బుల్‌మాస్టిఫ్ ఒకటి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో పెద్ద ఎస్టేట్ల కావలివాళ్ళు దొంగ వేటగాళ్ళను పట్టుకోవడానికి మాస్టిఫ్‌ను, బుల్‌డాగ్‌ను కలిపి దీనిని తయారుచేశారు. 1924లో అక్కడి కెన్నెల్ క్లబ్ దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మనిషిని పడవేసి, కావలివాడు వచ్చేదాకా అదిమిపట్టడం దాని పని. మగ కుక్క 50 నుండి 59 కిలోలు ఉంటుంది. అంత బలమైన కుక్కకు ఎవరిని ఆపాలో, ఎవరిని రానివ్వాలో చిన్నప్పుడే తెలియాలి.

కుక్కపిల్లకు 3 నుండి 14 వారాల వయసు చాలా ముఖ్యం. అప్పుడు పిల్లలను, ముసలివాళ్ళను, సైకిళ్ళను, పాలవాడిని చూసి అలవాటుపడితే పెద్దయ్యాక ఊరికే బెదరదు. రోజంతా గొలుసుతో కట్టేస్తే కోపం పెరుగుతుంది. ముక్కు పొట్టిగా ఉండడం వల్ల ఎండకు తట్టుకోలేదు. నీడ, నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. పొద్దున, సాయంత్రం చల్లటి వేళలోనే తిప్పాలి.

మా మిత్రుడొకడు సంక్రాంతి సెలవుల ఆఖరి రోజున, కుక్క తింటుండగా గిన్నె జరపబోయాడు. చెయ్యి కరిచింది. ఇంట్లో పసుపు పెట్టి గుడ్డ కట్టారు. మరునాడు హాస్టల్‌కు రాగానే వార్డెన్ సారు చూసి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. "కుక్కకు టీకా వేయించారా?" అని డాక్టరు అడిగారు. వాళ్ళ నాన్నకు తెలియదు. ఆ కార్డు యజమాని దగ్గర ఉంది. రోజూ అన్నం పెట్టే మనిషికే ఆ సంగతి తెలియకపోవడం మమ్మల్ని ఆలోచింపజేసింది.

కుక్క కరిస్తే పసుపు, కారం పెట్టకూడదు. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకాను మొదటి రోజున, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. రేబిస్ లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం. ఈ టీకా తయారుచేసే సంస్థల్లో ఒకటైన భారత్ బయోటెక్ మన శామీర్‌పేట వైపు, జీనోమ్ వ్యాలీలోనే ఉంది. ఇంత దగ్గరలో మందు తయారవుతుంటే మనం పసుపుతో సరిపెట్టుకోవడం తగదు.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన అధీనంలోని జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూడనివారికి 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "అధీనం" అన్న మాటను మన నాన్నలు కూడా గుర్తుంచుకోవాలి.

తమ్ముళ్ళారా! తినే కుక్క జోలికి, పిల్లలున్న కుక్క జోలికి పోవద్దు. మీదికి వస్తే పరుగెత్తవద్దు. కళ్ళలోకి చూడకుండా కదలక నిలబడండి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళగానే కుక్క టీకా కార్డు ఎక్కడుందో నాన్నను అడగండి. దాని నకలు ఒకటి మన గదిలో ఉండాలని యజమానిని అడిగించండి.